పొయ్యి చల్లారుతోంది

షెటికాం, కేప్ బ్రెటన్
నవంబర్, సోమవారం

ఒరేయ్ లూసియన్,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటని అనుకోకు. ఫోన్లో నువ్వు నవ్వేసి మాట మార్చేస్తావు. కాగితం మీద నీకు ఆ విద్య రాదు. నీ చేతిరాతకు అబద్ధం చెప్పడం చేతకాదని నాకు చిన్నప్పుడే తెలుసు. అందుకని నువ్వు కూడా ఉత్తరమే రాయాలి. స్టాంపులు లోపల పెట్టాను.

నిన్న మధ్యాహ్నం ఓడిపోయాను. ఓడిపోవడం నాకు కొత్త కాదు గానీ నిన్నటిది ఓటమి కాదు, దొంగతనం. నీకీ ఆట కూడుపెట్టే విద్య, నేను కంప్యూటర్లో పేక ముట్టి రెండేళ్ళు కూడా కాలేదు. ఎక్కడైనా తప్పు చెబితే దిద్దు.

ఆదివారం అర్హత ఆట సంగతి నీకు తెలిసిందే. గెలిచినవాళ్ళకు ఏప్రిల్‌లో మాంట్రియల్‌లో జరిగే పెద్ద పోటీలో కుర్చీ ఇస్తారు. ప్రతి ఆదివారం ఇరవై కుర్చీలు. మొదట నిలిచినవాడికీ ఇరవయ్యోవాడికీ అదే కుర్చీ. ఇరవై ఒకటోవాడికి మాత్రం ఏమీ లేదు. నిన్న ఆ ఇరవై ఒకటో మనిషిని నేను.

మొదట్లో నా బల్ల మీద 'బ్లూ హెరాన్' అని పేరు పెట్టుకున్నవాడు ఒకడున్నాడు. పేరుకు తగ్గట్టు కొంగే. వాడి దగ్గర పందెం బిళ్ళలు తక్కువ. వాడి వంతు రాగానే గడియారం చివరి సెకను దాకా కదలడు, చివర్లో ముక్కలు పడేస్తాడు. మళ్ళీ పంచితే మళ్ళీ కొంగజపం. పాపం ఆలోచిస్తున్నాడు కాబోలు అనుకున్నాను. వాడి జపం అయ్యేలోగా గోనెపట్టా మీద కొక్కెంతో ఉన్ని లాగుతూ కూర్చున్నాను, కొత్త రగ్గులో ఒక మూల అయిపోయింది. అప్పుడు వెలిగింది. పంచిన ప్రతి ఆటకూ మన బిళ్ళల్లోంచి కొన్ని కట్టక తప్పదు కదా. మన బల్ల మీద ఆటలు తక్కువ జరిగితే మన బిళ్ళలు తక్కువ కరుగుతాయి. ఈలోగా పక్క బల్లల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మునుగుతారు. వాడి జపంవల్ల నాకూ లాభమే జరుగుతోందని తెలిసి ఉన్నిని కోపంగా ఇంకా బిగించి లాగాను.

ఊళ్ళో మనమంతా పేకాడిన హాలు గుర్తొచ్చింది. ఎవరైనా ఆట నానబెడితే నాన్న ముక్కల మీంచి తల ఎత్తకుండానే "పొయ్యి చల్లారుతోంది" అనేవాడు కదా. ఆ నానబెట్టినవాడు మారు మాట్లాడకుండా ముక్కలు పడేసి, లేచి పొయ్యిలో కట్టె వేసి రావాలి. ఫాదర్ ఆన్సెల్మ్ అయినా లేవాల్సిందే. అందరికంటే ఎక్కువసార్లు లేచింది మాత్రం నువ్వే. ఆ మాటే తెర మీది కబుర్ల పెట్టెలో టైపు చేశాను. మిగతావాళ్ళు ఇదెక్కడి పిచ్చిదని నవ్వారు. కొంగ మాత్రం ఆ ఒక్క ఆటకు చటుక్కున ముక్కలు పడేశాడు. తర్వాత మామూలే.

అటుపైన కంప్యూటర్ నన్ను ఇంకో బల్లకు మార్చింది. అక్కడ అందరూ చకచకా ఆడేవాళ్ళు. నా బిళ్ళలు కరుగుతుంటే కొంగ బల్లను పక్కన తెరిచి చూశాను. మేము మూడు ఆటలు ఆడేలోగా వాళ్ళు ఒక్కటి ఆడుతున్నారు. నాకంటే తక్కువ బిళ్ళలున్న కొంగకు కుర్చీ దక్కింది.

హాలు పైకప్పును కొండ దిగివచ్చే సూయెట్ గాలి ఎత్తుకుపోయాక మళ్ళీ ఎవరూ కట్టలేదు. ఎదుటి మనిషి మొహం చూస్తూ ముక్కలు పట్టుకుని ఎన్నాళ్ళయిందో. ఆ కుర్చీ కొనుక్కునే స్తోమత నాకు లేదు, గెలుచుకోవాల్సిందే. ఒక్కసారి, మనుషులు కూర్చున్న పెద్ద బల్ల దగ్గర ఆడాలి లూసియన్. ఈ శీతాకాలం వెళ్ళేలోగా సాధిస్తానని కో-ఆప్ కొట్లో అందరికీ చెప్పేశాను. వెళ్ళకపోతే పక్కింటి హెక్టర్ నన్ను బతకనివ్వడు. ఏం చేయాలో చెప్పు.

అక్క ఒడిల్

గటినో
నవంబర్ చివర్లో

ఒడిల్ అక్కా,

ఉత్తరం అందింది. స్టాంపులు కూడా. తమ్ముడు స్టాంపులు కొనుక్కోలేనంత దిగజారలేదు గానీ, ఉంచుకుంటున్నాను.

ముందుగా, అది దొంగతనం కాదు. ఇచ్చిన సమయాన్ని వాడుకున్నాడు, అంతే. పక్కింటి చెట్టు ఆపిల్స్ కోసుకుపోలేదు. నువ్వు హాల్లో ఆడినట్టు ఆడుతున్నావు, అందరి బిళ్ళలూ నీ ముందుకు రావాలని. ఆదివారం ఆటలో గెలవక్కర్లేదు, మునగకుండా ఉంటే చాలు. చివరికొచ్చేసరికి నువ్వు కూడా గడియారం అయిపోయేదాకా కూర్చో. చెత్త ముక్కలొచ్చినా సరే. చేతిలో ఉన్ని ఎలాగూ ఉంది కదా, నీకేం తోచకపోవడం ఉండదు.

ఈ పని సిగ్గుమాలినదని నీకనిపిస్తుందని తెలుసు. ఒకేసారి పది బల్లల మీద ఆడుతూ నెల గడుపుకునేవాడికి సిగ్గు అంత తీరికైన వస్తువు కాదు. నేను నీకు ఆటగాడిగా చెబుతున్నాను, తమ్ముడిగా కాదు.

ఇంకో మాట. ఆ కబుర్ల పెట్టె మూసేయ్. పొయ్యి గురించి అసలే రాయకు. ఎవరికీ అర్థం కాదు, నీ ధ్యాస చెడుతుంది.

ఇక్కడ కోడి ఫ్రికో పులుసు వండాను. నీ చేతి రుచి రాలేదు. ఎండబెట్టిన సావరీ ఆకు కాస్త పంపు, ఇక్కడి కొట్లలో దొరికేది గడ్డిలా ఉంటోంది.

లూసియన్

షెటికాం
జనవరి

ఒరేయ్ తమ్ముడూ,

సావరీ ఆకు అందే ఉంటుంది. నీ సలహా పాటించాను. ఏమైందో చెబితే నువ్వు నవ్వుతావు, నవ్వుకో.

మొన్న ఆదివారం ఇంకో ఇద్దరు పోతే కుర్చీ ఖాయమనే దాకా వెళ్ళాను. నా దగ్గర బిళ్ళలు తక్కువ. సరే, లూసియన్ చెప్పాడు కదా అని చేతులు కట్టుకుని కూర్చున్నాను. గడియారం కరుగుతోంది. ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. అందరూ నాకోసం ఆగివున్నారన్న ఆలోచన భరించలేకపోయాను. ఆ తర్వాత నేనేం చేశానో నాకే తెలియదు. తెలిసేసరికి వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఉన్నాను, చేతిలో కట్టె.

నలభై ఏళ్ళ అలవాటురా. నానబెట్టాను, కాళ్ళు వాటంతటవే లేచి నడిచాయి. కట్టె వేసి, బూడిద సర్ది, మూత పెట్టి మరీ వచ్చాను. ఈలోగా సమయం దాటిపోయి కంప్యూటర్ నా ముక్కలు పడేసింది. అవేమిటో తెలుసా? రెండు రాజులు. ఆ పంపకంలో ఎదుటివాడు ఉన్నదంతా తోసింది చచ్చు ముక్కలతో. ఆ తర్వాత నాలుగు పంపకాల్లో నా పని అయిపోయింది.

హెక్టర్‌కి చెబితే కుర్చీలోంచి జారిపడేంత నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మాత్రం ఏడ్చాను, అది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అయితే ఒక సంగతి తేలిపోయింది. ఆ విద్య నాకు రాదు. రాని విద్య నేర్చుకుంటూ కూర్చునే బదులు, ఆ విద్య పనికిరాకుండా చేస్తాను. మందు కూడా తెలిసింది. కుర్చీలు తేలే వేళకు బల్లలన్నీ ఒకదానికోసం ఒకటి ఆగాలి. అన్ని బల్లల మీదా ఒక పంపకం పూర్తయ్యాకే ఎక్కడైనా మరోటి పంచాలి. అప్పుడు ఎవడెంత జపం చేసినా వాడికి ఒరిగేదేమీ ఉండదు. ఇప్పుడు ఆ పద్ధతి ఆఖరి ఒక్కడి దగ్గరే మొదలవుతోంది, అప్పటికే కొంగలు చేయాల్సిందంతా చేసేస్తున్నారు. ఇంకా చాలా ముందే మొదలుపెట్టాలి, గడియారమూ కుదించాలి. ఆట నడిపేవాళ్ళకు రాశాను. ఆటగాళ్ళు తమ సమయాన్ని తమ ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చని మర్యాదగా జవాబిచ్చారు. మర్యాదగా మళ్ళీ రాశాను. రోజూ రాస్తాను. ఆటగాళ్ళు మాట్లాడుకునే పేజీలో సంతకాలు కూడా పోగు చేస్తున్నాను. సస్కటూన్‌లో లారీ నడిపే ఒకాయన అందరికంటే ముందు సంతకం పెట్టాడు.

నువ్వు పెద్ద ఆటగాడివి, నీ పేరుంటే దానికో బరువొస్తుంది. సంతకం పెట్టి పంపు.

ఒడిల్

గటినో
జనవరి చివర

అక్కా,

పెట్టను.

ఎందుకో కాగితం మీదే చెప్పాలని కదా నీ షరతు. విను. నీకది ఆదివారం సరదా. ఓడితే ఫ్రికో తిని పడుకుంటావు. ఆ ఆదివారం ఆటల మీద ఇల్లు గడుపుకునేవాళ్ళున్నారు. కుర్చీ గెలుస్తారు, వెళ్ళరు, దాని బదులు ఆట నడిపేవాళ్ళ దగ్గర సొమ్ము తీసుకుంటారు. వాళ్ళు దొంగలు కారు. ఎవరినీ మోసం చేయలేదు. పగలంతా తెర ముందు కూర్చుని కళ్ళు పోగొట్టుకుంటున్నారు. నువ్వు సంతకాలు పోగుచేసేది వాళ్ళ కంచం మీదకి.

నీ రెండు రాజుల సంగతి చదివి నవ్వలేదు. నవ్వాలనే అనుకున్నాను.

ఈ పని వదిలేయ్. నువ్వు పట్టిందల్లా చివరిదాకా పడతావని తెలుసు, అందుకే అడుగుతున్నాను. నాకోసం వదిలేయ్.

లూసియన్

షెటికాం
ఫిబ్రవరి, సూయెట్ వీచిన మర్నాడు

లూసియన్,

రాత్రి గాలికి హెక్టర్ షెడ్డు తలుపు మా పెరట్లోకి వచ్చి పడింది. కరెంటు లేదు. పొయ్యి వెలుతురులో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఓర్చుకో.

నువ్వు "నాకోసం" అని రాసిన చోట కలం గట్టిగా నొక్కావు, కాగితానికి అటువైపు తేలింది. దాన్ని వేలితో చాలాసేపు తడిమాను.

నవంబర్‌లో నేను పొయ్యి మాట టైపు చేసిన రోజు ఆ మాట ఈ లోకంలో మన హాలు వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. మన హాలు వాళ్ళలో ఇంకా పేక ఆడే ఓపికున్నవాళ్ళం ముగ్గురం. నేను, మేరీ-రోజ్, నువ్వు. మేరీ-రోజ్‌కు కంప్యూటర్ ఎక్కడ నొక్కాలో తెలియదు. ఆ మాట చూసిన వెంటనే కొంగ ముక్కలు పడేశాడు. అంతేరా. ఇంత చిన్న లెక్క కట్టడానికి నాకు ఫిబ్రవరి దాకా పట్టింది, ఎందుకంటే కట్టడం ఇష్టంలేక.

అడగడం లేదు. అడిగితే కాగితం మీద నువ్వు తప్పించుకోలేవు, నిన్ను ఆ మూలకు తోయను.

కోపం వచ్చింది. నా కుర్చీ నువ్వు తీసుకున్నందుకు కాదు, ఆటలో అది మామూలే. నన్ను కూడా అలా కూర్చోమన్నావు చూడు, అందుకు. నాన్న ఆటను నాకంటే నువ్వే బాగా పట్టావు. ఎదుటివాడు ఊపిరి పీల్చిన తీరు బట్టి చేతిలో ఆసు ఉందో లేదో చెప్పేవాడివి. అలాంటివాడివి ఇప్పుడు గడియారం వెనక దాక్కుంటున్నావా?

నీ కంచం మీదకని రాశావు కదా. వారం రోజులు అన్నం సయించలేదు. ఒక పూట వదిలేద్దామనే అనుకున్నాను, ఆట నడిపేవాళ్ళకు ఆ మాట రాయబోయాను కూడా. చేయి సాగలేదు. వదిలేస్తే నీకు మేలు చేసినట్టు కాదనిపించింది. నీకు ఏ కష్టమున్నా వచ్చి ఇక్కడుండు, నా ఇంట్లో గది ఉంది, పీతల సీజన్‌కు చేపల ఫ్యాక్టరీలో పని కూడా ఉంటుంది. కానీ ఈ పని మాత్రం ఆపను.

ఆపే దశ దాటిపోయింది కూడా. ఆదివారం ఏ బల్ల మీద ఎవరు నానబెట్టినా కబుర్ల పెట్టెలో "పొయ్యి చల్లారుతోంది" అని పదిమంది టైపు చేస్తున్నారు. ఏ పొయ్యి అని సస్కటూన్ లారీ ఆయన నన్నడిగాడు. ఆట నడిపేవాళ్ళకు తలనొప్పి ఎక్కువై దిగివచ్చారు. మార్చి మొదటి ఆదివారం నుంచి నేనడిగిన పద్ధతే. ఈ ఏడు అదే ఆఖరి అర్హత ఆట కూడా. నాకు మిగిలిన అవకాశం అదొక్కటే.

నువ్వూ వస్తావని తెలుసు. ఒకే బల్ల పడితే నేను నిన్ను వదలను. నువ్వు నన్ను జాలిపడి వదిలావని తెలిస్తే జన్మలో మాట్లాడను.

ఒడిల్

గటినో
ఫిబ్రవరి ఆఖరు

అక్కా,

వస్తున్నాను. వదలను.

లూసియన్

గటినో
మార్చి, సోమవారం

అక్కా,

నిన్నటిది నీ వైపు నుంచి నీకు తెలుసు. నా వైపు నుంచి ఎలా ఉందో రాస్తాను. ఇది రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

నిన్న పది బల్లలు తెరవలేదు. ఒక్కటే తెరిచాను. ఎన్నేళ్ళ తర్వాతో. ఒకే బల్ల చూస్తుంటే మొదట్లో చేతులకు ఏం చేయాలో తోచలేదు. తర్వాత మెల్లగా మనుషులు కనబడటం మొదలైంది. ఎవడు భయపడి తోస్తున్నాడు, ఎవడు విసుగెత్తి తోస్తున్నాడు, అన్నీ. మధ్యాహ్నం సగం దాకా బాగా ఆడాను అక్కా. బాగా అంటే నాన్న చూస్తే ఊకొట్టేంత. తర్వాత రెండు దెబ్బలు తగిలాయి, తప్పు నాది కాదు.

ఇరవై ఒక్కమందిమి మిగిలేసరికి నీ ఎదురుగా కూర్చుని ఉన్నాను. మూడు బల్లలూ ఒకదానికోసం ఒకటి ఆగుతున్నాయి. నా దగ్గర ఒకటి రెండు పంపకాలకు మించి బిళ్ళలు లేవు. నీ దగ్గర నాకంటే కాస్త ఎక్కువ, అంతే. నాకు కళావరు ఆసు, కళావరు ఏడు వచ్చాయి. తోయాల్సిన ముక్కలే. అయినా వేలు కదల్లేదు. గడియారం నడుస్తోంది. నానబెడితే ఒక్క వెంట్రుక లాభం లేదని తెలుసు, నువ్వే లేకుండా చేశావు. అయినా కూర్చున్నాను. అలవాటు, అంతకుమించి భయం. ఇది పోతే నాకు ఆడటమే రాదని తేలిపోతుందేమోనన్న భయం.

అప్పుడు పెట్టెలో నీ మాట కనబడింది.

ఇన్నేళ్ళలో ఆ పెట్టెలో నేనొక్క అక్షరం రాయలేదు. నిన్న "లేస్తున్నా" అని రాసి, ఉన్నదంతా తోశాను.

నువ్వు ఒక్క ఊపిరి కూడా ఆగలేదు. వెంటనే నీ బిళ్ళలు పెట్టి పట్టావు. ఆరితేరినవాళ్ళు చాలామంది ఆ చోట రాజుల్ని కూడా పడేసి, ఇంకెవరైనా మునుగుతారని కాచుకుంటారు. ఓడితే నీకు ఒక్క పంపకానికి సరిపడా కూడా మిగిలేది కాదు. కో-ఆప్‌లో చెప్పిందీ, ఈ శీతాకాలమంతా రాసిన ఉత్తరాలూ, అంతా గాలికి పోయేది. అయినా ఇస్పేటు రాజునీ ఆఠీను రాజునీ బల్ల మీద తిప్పావు. నాకు ఆసు రాలేదు.

ఇరవై ఒకటో మనిషిని నేను. తెర ఆపేశాను. ఈ ఇంట్లో పొయ్యి లేదు, గోడలోంచి వేడి వస్తుంది. ఏం చేయాలో తోచక వంటింట్లోకి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టాను. నీళ్ళు మరిగేదాకా అక్కడే నిలబడ్డాను.

నేనని తెలిసి కూడా అంత తొందరగా ఎలా పట్టావు? అదొక్కటి చెప్పు. నిన్నింకా క్షమించలేదు, వచ్చే వారానికి క్షమిస్తాను. పని సంగతి ఆలోచిస్తున్నాను. పేక మాత్రం మానను. ఇకమీదట ఒక్క బల్ల మీద, మెలకువగా ఆడతాను. నిన్న సగం మధ్యాహ్నం నేనెవరో నాకు గుర్తొచ్చింది, దాన్ని మళ్ళీ పోగొట్టుకోదలచుకోలేదు.

లూసియన్

షెటికాం
మార్చి, శుక్రవారం

ఒరేయ్ లూసియన్,

నువ్వని తెలిసే పట్టాను. చిన్నప్పుడు ఒకసారి నువ్వు పసివాడివని జాలిపడి మేరీ-రోజ్ వాళ్ళమ్మ నిన్ను గెలవనిచ్చింది. సంగతి తెలిసి నువ్వు హాలు మెట్ల మీద కూర్చుని ఏడ్చావు. నిన్ను ఇంకోసారి అలా ఏడిపించలేను. ఆ రాజులు నా దగ్గర కాకుండా ఫాదర్ ఆన్సెల్మ్ దగ్గరున్నా అంతే తొందరగా పట్టేవాడు.

"లేస్తున్నా" అని నువ్వు రాసేసరికే గాలికి కరెంటు పోయి, హెక్టర్ జనరేటర్ మీద నడుస్తోంది నా కంప్యూటర్. హెక్టర్ నా వెనకే నిలబడ్డాడు. ఆ మాట చదివి, ఎవరతను అన్నాడు. మా తమ్ముడు అన్నాను. ఓడిపోయేవాడిని చూసి అంత గర్వపడే మనిషిని నేనెక్కడా చూడలేదన్నాడు. వాడికేం తెలుసు.

కో-ఆప్‌లో సోమవారం నుంచీ నన్ను చూస్తే చాలు మాంట్రియల్ అని పిలుస్తున్నారు. నల్ల కోటు ఉతికి ఆరేశాను. ఏప్రిల్ రెండో వారంలో బస్సెక్కుతాను.

ఈ ఉత్తరంతోపాటు పార్సిల్ వస్తుంది. అందులో ఉన్నది రగ్గు. నవంబర్ నుంచి మార్చి దాకా ఆదివారాల్లో జనం నానబెట్టిన సమయంలో అల్లింది. ఎడమవైపు మూల మొదటిరోజు కొంగ చలవ, అక్కడ ఉన్ని కాస్త బిగుసుకుపోయింది, కోపంలో లాగాను. మధ్య భాగం మిగతా కొంగలది. కుడివైపు చివర ఒక బెత్తెడు అల్లకుండా ఖాళీగా మిగిలిపోయింది, ఆఖరి ఆదివారం ఎవరూ నానబెట్టలేదు, నువ్వు తప్ప. నీ కుర్చీ కింద వేసుకో.

మాంట్రియల్ నీకు దగ్గరే. రా. ఆ హాల్లో ఆటగాళ్ళ వెనక తాడు కట్టి చూసేవాళ్ళను నిలబెడతారట, నా కుర్చీకి దగ్గరగా నిలబడు. అక్కడ పొయ్యి ఉంటుందా అని ఫోన్ చేసి అడిగాను. అవతలి అమ్మాయి లేదని చెప్పి నవ్వింది. నాకేమో భయంగానే ఉందిరా, నీకు తప్ప ఇంకెవరికి చెప్పను. అంత వెలుతురులో, అంతమంది మధ్య, వేలు కదలక నేనూ నానబెడతానేమో.

నానబెడితే ఆ మాట నువ్వనాలి. గట్టిగా అను, అందరికీ వినబడేలా. లేస్తాను.

అక్క ఒడిల్